నేను కడిగిన పాలెట్

విదేశంలో మేముండే ఊరు బాతెల్‌లో మా పక్కింటావిడ చిత్రకారిణి. ఎనభై దాటాయి. వయసులో ఉండగా స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో, గీత కన్నా రంగే ముఖ్యమని నమ్మిన చిత్రకారుల బృందంలో ఉండేదట. నీడలు వేయడానికైనా నలుపు వాడేవారు కాదట. అందులో ఆడవాళ్లు కొద్దిమందే. "ప్రదర్శనల్లో మా బొమ్మలు తలుపు వెనక గోడకి పెట్టేవాళ్లు. ఎవరైనా లోపలికొస్తే చాలు, మేం మాయం!" అని నవ్వేది.

నాకు పరిచయమయ్యేనాటికి ఆమెకు ఎదురుగా ఉన్నది కనిపించేది కాదు, చూపు అంచుల్లోనే కొంచెం మిగిలింది. అయినా చిన్నప్పటి సముద్రతీరాన్ని, దాని మీది సాయంకాలపు ఆకాశాన్ని గీస్తోంది. ఆ మిగిలింది కూడా పోయేలోపు ఈ ఒక్క బొమ్మ పూర్తి కావాలి. ఇంకేమీ అడగనంది.

చూడకుండా ఎలా వేస్తారని అడిగితే, పాలెట్ మీద, అంటే రంగులు కలుపుకునే పలక మీద, రంగుల వరస అరవై ఏళ్లుగా మారలేదంది. ఎడమ నుంచి నాలుగోది ఎరుపు, ఆరోది నీలం. చేతికి తెలుసు, కంటితో పని లేదు. నేను బుర్ర ఊపాను. విన్నానన్నమాటే గానీ, తలకెక్కలేదు.

ఓ శనివారం ఆమె కంటి డాక్టర్ దగ్గరికి వెళుతూ, మొక్కలకు నీళ్లు పోయమని తాళం ఇచ్చింది. పరాయింట్లో ఊరికే కూర్చోవడం మనకి చేతనవుతుందా? సింక్‌లో కప్పులు కడిగాను. పక్కనే అట్టలు కట్టిన పాలెట్ కనిపించింది. గీకి, తుడిచి, ట్యూబుల్లోంచి కొత్త రంగులు పిండి, బళ్లో నేర్చుకున్న విబ్జియార్ ప్రకారం ముచ్చటగా పేర్చి వచ్చాను. నా జీవితంలో చిత్రకళా రంగంలో అడుగుపెట్టింది ఆ ఒక్కసారే.

బుధవారం వెళితే బొమ్మలో ఆకాశం ఆకుపచ్చగా ఉంది. సముద్రం నారింజ.

"ఆకాశం గులాబీగా వచ్చిందా?" అని అడిగింది.

నేను పేర్చిన వరసలో నాలుగోది ఆకుపచ్చ, ఆరోది నారింజ. "చాలా బాగా వచ్చిందండీ," అన్నాను.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. "రోజంతా ఆఫీస్‌లో అందరి ప్రోగ్రాముల్లోని బగ్గులూ పట్టేదానివి, పక్కింట్లో నువ్వే పెట్టొచ్చావా?" అన్నాడు.

"ఆటపట్టించకండి. పెద్దావిడ, బాధపడుతుందని అలా అనేశా."

"బాధపడేది ఆవిడా, నువ్వా? వెళ్లి చెప్పెయ్."

"వీకెండ్ చెప్తాలెండి."

ఆదివారానికి ధైర్యం వచ్చింది. వెళ్లేసరికి బల్ల ఖాళీగా ఉంది. రంగులు, కుంచెలు అన్నీ దగ్గర్లోని వృద్ధుల సెంటర్‌కి ఇచ్చేసిందట. నిలబడే అంతా చెప్పేశాను: పాలెట్ కడగడం, వరస మార్చడం, బుధవారం ఆడిన అబద్ధం.

ఆమె ఖాళీ బల్లని చేత్తో తడిమింది.

"నాకు ఆకాశం ఆకుపచ్చగానే కనిపించింది," అంది. "కానీ నా చెయ్యి పొరపడదు. నువ్వేమో బాగుందన్నావు. మిగిలిన ఆ కాస్త చూపు కూడా పోయిందనుకున్నాను. అందుకే ఇచ్చేశాను."

నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ సాయంత్రమే షాప్‌కి వెళ్లి రంగులు, కుంచెలు కొన్నాను. ఆమె చెబుతుంటే ఒక్కొక్కటే పాత వరసలో పెట్టాను. రోజూ ఆఫీస్ అయ్యాక వెళ్లి పక్కన కూర్చునేదాన్ని. ఎండిన ఆకుపచ్చ మీద ఎరుపు, తెలుపు కలిపి పూసేది. ప్రతి పూతకీ ఆగి, "ఇదేం రంగు? నిజం చెప్పు," అనేది. చెప్పేదాన్ని. చెప్పాక కూడా ముఖం పక్కకు తిప్పి, కంటి అంచుతో వెతుక్కునేది. అంతకుముందు తన చేతిని అలా అనుమానించడం నేను చూడలేదు.

చలికాలం సగానికి రాకముందే ఆ అంచు కూడా పోయింది. అప్పటికి ఆకాశంలో జానెడు మాత్రమే గులాబీ అయింది. ఓ రోజు నేను వెళ్లేసరికి బొమ్మ గోడవైపు తిప్పి పెట్టి ఉంది. టీ ఇచ్చింది. ఏ రంగని అడగలేదు.