దేవదాసు పెట్టిన ముక్కులు

దేవదాసు ఏ బండిని చూసినా ముందు దాని ముక్కు విప్పుతాడు. ముక్కంటే ఇంజనుకు గాలి పోయే దారి, దుమ్మును ఆపే జాలి ఉండే డబ్బా. వచ్చిన జబ్బు బ్రేకుదా, హారనుదా అన్నది అతనికి అనవసరం. కోరుట్లలో పశువుల డాక్టరుగా చేరిన వారంలోనే నా స్కూటరు పంక్చరైతే, తోసుకుంటూ అతని షెడ్డుకు వెళ్లాను.

"ముక్కు చూపియ్యుండ్రి సార్," అన్నాడు.

నేను అనుమానంగా నా ముక్కు తడుముకున్నాను.

"మీది కాదు సార్, బండిది."

"పంక్చరైంది వెనక చక్రమయ్యా!"

"చక్రం యాడికి పోతది సార్? ముందుగాల ఊపిరి." డబ్బా విప్పి, జాలిని ఎండకు పెట్టి చూసి, నిట్టూర్చాడు. "పాపం, ఎన్నేండ్ల సంది దమ్ముతోని నడుస్తున్నదో! సోమారం రాండ్రి."

"ఇవాళ మంగళవారమే కదా?"

"కొత్త గాలి ఇంజనుకు అరగాలె సార్. ఆయితారం దాటనియ్యుండ్రి."

సోమవారం వెళ్లేసరికి స్కూటరుకు ఒక అల్యూమినియం గరాటు మొలిచి ఉంది. చుట్టూ సైకిల్ ట్యూబు రబ్బరు, లోపల మూడు పొరల స్పాంజి, పైన పచ్చటి చీర ముక్క. కిక్కు కొట్టగానే వచ్చిన శబ్దాన్ని నా వృత్తిలో ఒక్కసారే విన్నాను, గొంతులో మామిడి టెంక అడ్డుపడ్డ దున్నపోతు దగ్గర.

పంక్చరు మాత్రం అలాగే ఉంది.

కోరుట్ల నుంచి గల్ఫుకు పోయినవాళ్లు బంగారమో, టేప్ రికార్డరో పట్టుకొస్తారు. దేవదాసు ఎనిమిదేళ్లు ఎడారిలో ఒక గ్యారేజీలో జాలీలలో ఇసుక దులిపి, ఇంజను రోగాలన్నిటికీ మూలం ముక్కేనన్న నమ్మకాన్ని మాత్రమే తెచ్చుకున్నాడు. దాంతో అందరికంటే ఎక్కువ నష్టపోయింది అతని భార్య శంకరవ్వ.

"నా జల్లెడేది?" అని ఆ సోమవారమే ఆమె షెడ్డు గుమ్మంలో నిలబడి అడిగింది.

"జలపతి రావు దొర జీపుకు."

"పాల క్యాను?"

"గది సుత దొర జీపుకే."

"మరి నా పచ్చ చీర?"

దేవదాసు నా స్కూటరు వైపు చూశాడు. శంకరవ్వ కూడా చూసింది. నేను బండి తీసుకుని పంక్చరుతోనే బయటపడ్డాను.

ఒక గుణం మాత్రం చెప్పాలి. అతను ఎవరినీ మోసం చెయ్యడు. ముక్కు పెట్టే ముందు రెండు వైపులా చెబుతాడు. "లాభం ఏందంటే గాలి మంచిగ పోతది, గుట్ట ఎక్కేటప్పుడు బండి గుంజుతది. నష్టాలు ఇనుండ్రి. నెలనెలా స్పాంజి ఉతకకపోతే దుమ్ము లోపలికి పోయి పిస్టన్ గీసుకపోతది. వానల తడిస్తే బండి ఆగుతది. గాలెక్కువై పెట్రోలు తక్కువైతే ప్లగ్గు తెల్లగ కాలుతది. సరిచేద్దామని పెట్రోలు పెంచితే మైలేజి పడిపోతది. సప్పుడైతే చెప్పద్దు."

"లాభం ఒకటి, నష్టాలు ఇన్ని. మరి ఎందుకు పెట్టడం?"

"లాభం గూడ చెప్పిన గద సార్!"

అతని చెవులను చూస్తే మాత్రం నాకు భయభక్తులు కలిగేవి. ఒకరోజు రోడ్డుకు వీపు పెట్టి ఇద్దరం టీ తాగుతున్నాం. "జగిత్యాల బస్సు. మూడో గేరు పడ్తలేదు," అన్నాడు. నిమిషానికి జగిత్యాల బస్సు మూలుగుతూ వచ్చింది. "ఎనుక దొర జీపు. దొర లేడు, డ్రైవరొక్కడే ఉన్నడు." తిరిగి చూశాను. జీపులో డ్రైవరొక్కడే!

"ఇదెలా తెలిసిందయ్యా?"

"దొరుంటే గేరు గంత కోపంగ మార్చడు సార్."

స్టెతస్కోపు పెట్టినా నాకు వినపడని సంగతులు అతనికి టీ తాగుతూ వినపడేవి.

ఆ జలపతి రావు గారు తమ పల్లెలో గడీ వదిలి, అన్నల, అంటే నక్సలైట్ల భయానికి కోరుట్లలో అద్దె ఇంట్లో ఉంటున్నారు. జల్లెడా, పాల క్యానూ కలిసి ఆయన జీపుకు శంఖం ఊదే గొంతునిచ్చాయి. ఒకరోజు షెడ్డు ముందు జీపు ఆపి కేకలేశారు. "ఏందిర దేవదాసు ఇది? నేను పోతుంటే దేవుడు అస్తున్నడనుకొని జనం దండం పెడ్తున్నరు!"

"పెట్టనియ్యుండ్రి దొరా. మస్తు రోజులాయె గద."

రావు గారు కాసేపు ఆలోచించారు. "అవుననుకో," అని జీపెక్కి వెళ్లిపోయారు.

ఇలా ఊళ్లో బండ్లన్నీ రకరకాల గొంతులతో తిరుగుతుండగా, ఒకరోజు ఎస్సై గారు పోలీసు జీపు తెచ్చారు. కొత్తగా వచ్చిన కుర్రాడు.

"దేవదాసు, అందరికి పెట్టినట్టు మాకు సుత పెట్టు. పికప్ పెరుగుతదట గద."

నేను గరాటు కోసం చుట్టూ చూశాను. దేవదాసు మాత్రం డబ్బా విప్పి, జాలి శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, ఎక్కడిదక్కడే బిగించేశాడు.

"వద్దు సార్. మైలేజి పడిపోతది, దుమ్ము పోతది, వానల ఆగుతది. కంపెనీ ముక్కే మంచిది."

"మరి గింతమందికి ఎట్ల పెట్టినవు?"

"వాళ్లు ఇనరు సార్."

ఎస్సై అతన్ని ఒక క్షణం పరీక్షగా చూసి వెళ్లిపోయాడు. ముక్కు మార్చకుండా దేవదాసు బండిని పంపడం నేను చూడటం అదే మొదలు. కారణం అడిగితే స్పానరు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

ఆ కారణం నాకు ధర్మపురి అడ్డదారిలో ఒక పల్లెలో తెలిసింది. గేదె ఈనలేకపోతోందని కబురొస్తే పొద్దుగూకే వేళ వెళ్లాను. ఆ రోజుల్లో ఆ వేళకు ఏ పల్లెలో ఇంజను చప్పుడైనా తలుపులు మూసుకునేవి. ఇక్కడ మాత్రం నేను మలుపు తిరిగేసరికే బకెట్లో వేడినీళ్లు, సబ్బు సిద్ధంగా ఉన్నాయి. గేదె యజమానురాలు నర్సవ్వ నిమ్మళంగా నిలబడి ఉంది.

"నేనే వస్తున్నానని ఎలా తెలుసవ్వా?"

"మీ బండి గొంతు తెల్వదా సారు? మొదట్ల ఒక్కసారి తప్పిన. దున్నపోతనుకున్న."

దూడ బయటపడి లేచి నిలబడ్డాక, చేతులు కడుక్కుంటుంటే మిగతా సంగతి చెప్పింది.

"అన్నలచ్చి బువ్వ పెట్టుమంటే పెడ్తిమి. పోలీసోళ్లచ్చి ఎందుకు పెట్టిండ్రందురు. ఏ బండి ఎవలదో తెల్వకపాయె. సప్పుడైతే చాలు, మొగోళ్లు మక్కచేన్లకు ఉరుకుడే. నిరుడు వానకాలం దేవదాసు ఏదో జీపు బాగుచేసి, నడుపుకుంట గీ తొవ్వకచ్చిండు. నా కొడుకు మొగిలి పోలీసు జీపనుకొని ఉరికి, పాడువడ్డ బాయిల వడి కాలిరగ్గొట్టుకున్నడు. దేవదాసే బాయిల దిగి, భుజం మీదేసుకొని, జగిత్యాల దవఖానకు కొండవోయిండు. తొవ్వ పొడుగూత దేవదాసు ఒకటే ఏడ్సుడు. కాలిరిగిన మొగిలే ఆయనను ఊకుంచిండు."

"తర్వాత?"

"గప్పటి సంది ఆయితారం చర్చిల ప్రార్థన కాంగనే ఒక బండి తెస్తడు. మమ్ముల గోడకు మొకం పెట్టి కూసోబెడ్తడు. బండి ఊరు సుట్టు తిప్పి, ఎవలదో చెప్పుమంటడు. తప్పు చెప్తే మల్లొక సుట్టు తిప్పుతడు. మీ బండినైతే ఇంకెవలదో ఎనుక చక్రం పెట్టి తెచ్చిండు. గిట్ల ఎన్ని ఊర్లు తిరుగుతడో!"

"మరి ముక్కు పెట్టని బండి వస్తే?"

"గొంతులేని జీపైతే పోలీసోళ్లదే గద, మావోళ్లు లేసి తువ్వాల దులుపుకొని, తొవ్వ సూసుకుంట నిమ్మలంగ నడిచి పోతరు. బాయిలల్ల పడుడు బందైంది సారు."

నా స్కూటరును ఆదివారం దాటేదాకా ఎందుకు ఉంచుకున్నాడో అప్పుడర్థమైంది. మెల్లగా నడుపుకుంటూ తిరిగొస్తుంటే, ఆ గరాటు మోతను మొదటిసారి గౌరవంగా విన్నాను. మర్నాడు దేవదాసును నిలదీశాను. "ఈ సంగతి ఎస్సైకి తెలిస్తే ఏమవుతుందో ఆలోచించావా?"

"నేనేం చేసిన సార్? జాలీలు మార్చిన," అన్నాడు. తర్వాత తల వంచుకుని, "మనిషి నడిచిపోతే ఏం గాదు సార్. ఉరికితేనే కాళ్లిరుగుతయి," అన్నాడు.

ఎస్సైకి తెలియనే తెలిసింది. ఒక శనివారం మామూలు బట్టల్లో, సొంత మోటారు సైకిల్ మీద షెడ్డుకు వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను.

"ఆయితారం బడి మంచిగ నడుస్తున్నదట గద?" అన్నాడు.

దేవదాసు చేతిలోని స్పానరు కిందపడింది.

"నిన్ను లోపలేద్దామనుకున్న. మల్ల అనిపించింది, మా జీపు సప్పుడుకు బాయిల పడేటోళ్లు లేకపోతే కాగితాలు రాసుడు నాకే తప్పుతది." ఎస్సై స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "సర్కారు జీపును ముట్టకు. ఇది నా సొంతం. సిరిసిల్ల నుంచి మా అమ్మ అచ్చింది. రేపు ధర్మపురి తీస్కపోతున్న. మా అమ్మ ముందర నన్ను సూసి ఎవ్వలు ఉరుకద్దు."

"లాభనష్టాలు చెప్పాల్నా సార్?" దేవదాసు స్పానరు ఏరుకుంటూ అడిగాడు.

"తెల్సు. పెట్టు."

ఆ ఒక్క బండినే అతను ఆదివారం దాకా ఉంచుకోలేదు. సాయంత్రానికే ఇచ్చేశాడు. అంత శ్రద్ధగా స్పాంజి కోయడం నేనెప్పుడూ చూడలేదు. పెరుగు చిలుకుతున్నంత మెత్తటి గొంతు వచ్చింది దానికి.

మర్నాడు దూడను చూడటానికి నర్సవ్వ ఇంటికి వెళ్లాను. దూరంగా ఆ గొంతు వినపడింది. మగవాళ్లు లేచి నిలబడ్డారు. నర్సవ్వ చెయ్యెత్తి ఆపింది. "ఇది మనకు నేర్పలే. అయినా దేవదాసు చెయ్యే. కూసోండ్రి."

ఎస్సై వాళ్లమ్మకు దాహమైందని ఆ గుమ్మం ముందే బండి ఆపాడు. నన్ను చూసి గతుక్కుమన్నాడు. నేను దూడ పళ్లు చూడటంలో మునిగిపోయాను. నర్సవ్వ ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది.

"ఏం నౌకరి కొడుకా?"

వాళ్లమ్మ గర్వంగా నోరు తెరవబోయింది. ఎస్సై గబుక్కున అందుకున్నాడు. "సర్కారు నౌకరి అవ్వా."

"గట్లయితే మా తొవ్వల గుంతలు పూడిపియ్యరాదు?"

"అట్లనే అవ్వా," అన్నాడు ఎస్సై బుద్ధిగా.

సోమవారం ఇదంతా చెబితే దేవదాసు పని ఆపి విన్నాడు. అన్నీ విని ఒక్కటే అడిగాడు.

"మజ్జిగల ఉప్పేసిందా సార్? నర్సవ్వ ఉప్పు మరిచిపోతది."

"వెయ్యలేదనుకుంటా. మొదటి గుక్కకే మొహం ఒకలా పెట్టాడు. అయినా రెండో గ్లాసు అడిగి తాగాడు."

"గట్లనా?" దేవదాసు మొహం విప్పారింది. "అయితే మల్లొస్తడు తియ్యుండ్రి."