మార్తమ్మ నోటుపుస్తకాలు

నా పేరుకు ముందు డాక్టర్ అని ఎవరైనా రాస్తే తల దించుకుంటాను. వినయం అనుకుంటారు. కాదు. నలభై ఏళ్లకు పైగా మోస్తున్న మాట ఒకటి ఉంది. ఇంట్లో చెప్పలేదు. చర్చిలో మోకాళ్ల మీద ఉన్నప్పుడు కూడా పెదవి దాటనివ్వలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

పంతొమ్మిది వందల డెబ్బైల్లో నేను విజయవాడలో ఒక నర్సింగ్ స్కూల్లో ట్యూటర్ని. మా వృత్తిలో డాక్టరేటు అన్న మాట వినడమే అరుదు. నర్సింగుకు వేరే విభాగం లేక సోషియాలజీ కింద నమోదు చేసుకున్నాను. పల్లెల్లో పురిటి బిడ్డలు ధనుర్వాతంతో ఎందుకు చనిపోతున్నారన్నది నా పరిశోధన. సెలవు దొరికితే బస్సెక్కి దివిసీమ వైపు ఊళ్లకు వెళ్లేదాన్ని. తల్లులు నా ఇస్త్రీ చీర, చేతిలో ప్రశ్నల కాగితం చూసి, అంతా బాగానే ఉందండీ అని లోపలికి పోయేవారు.

ఆ ఊళ్లకు నర్సమ్మ మార్తమ్మ. నాకంటే పదేళ్లు పెద్దది. ఎనిమిదేళ్లుగా తాను చూసిన ప్రతి పురుడూ నోటుపుస్తకాల్లో రాసిపెట్టుకుంది. బొడ్డు దేనితో కోశారు, దాని మీద పేడ పూశారా, బూడిద పూశారా, బిడ్డ ఎన్నో రోజున పాలు మానేసింది. ఎవరూ రాయమనలేదు. బూడిద మాన్పించి, మరిగించిన బ్లేడుతో కోయించిన ఇళ్లలో బిడ్డలు బతికారని వేలు పెట్టి వరసగా చూపించింది. నేను వెతుకుతున్న జవాబు అప్పటికే అక్కడ ఉంది. అడగగానే నాలుగు పుస్తకాలూ ఇచ్చేసింది.

వాటిని పట్టికలుగా మార్చాను. ఆమె రాసుకున్న తేదీలు నా పట్టికల్లో మార్చేసి, నేను తిరిగిన రెండేళ్లలోకి సర్దాను. థీసిస్‌లో 'పరిశోధకురాలు స్వయంగా సేకరించినది' అని రాశాను. 'స్వయంగా' అని రాసేటప్పుడు చెయ్యి ఆగిందా? ఆగింది. కాసేపే.

డెబ్బై ఏడు నవంబరులో ఉప్పెన దివిసీమను ముంచేసింది. నెల తరువాత మార్తమ్మ మా స్కూలుకు వచ్చింది. సహాయ శిబిరాల్లో పనిచేసి సగమైపోయింది. ఆమె పని చూసిన ఒక పెద్ద అధికారి పై ఉద్యోగానికి, హెల్త్ విజిటర్ ట్రైనింగుకు పేరు రాస్తానన్నాడట. ఆ పుస్తకాల సంగతి విని, తెచ్చి చూపించమన్నాడట.

"మేడం గారండీ, ఆ పుస్తకాలు ఓసారి ఇస్తారా? చూపించి మళ్లీ మీకే తెచ్చిచ్చేస్తానండి."

అవి నా వెనక బీరువాలోనే ఉన్నాయి. వాటిలో తేదీలు ఎవరి కంటనైనా పడితే నా థీసిస్ అక్కడితో సరి.

"సరిచూసుకుందామని నాగాయలంక పట్టుకెళ్లానండీ, మార్తమ్మగారూ. అక్కడే ఉంచొచ్చాను. నీళ్లొచ్చేశాయి కదా..."

ఆమె నా మొహంలోకి చూసింది. నా చెయ్యి పట్టుకుంది.

"పోన్లెండి. మనుషులే పోయారు, పుస్తకాలదేముందండీ. ఆ రోజున మీరక్కడ లేరు, అదే పదివేలు."

నన్నే ఓదార్చింది.

ట్రైనింగుకు వేరెవరినో పంపారు. నాకు డాక్టరేటు వచ్చింది, తరువాత ప్రిన్సిపాల్‌నయ్యాను. మార్తమ్మ ఆ ఊళ్లలోనే, అదే ఉద్యోగంలో రిటైరైంది. డిగ్రీ చేతికొచ్చిన ఏడే ఆ పుస్తకాలను హాస్టలు వంటింటి పొయ్యిలో పెట్టాను.

ఎందుకు చేశాను? డాక్టర్లు మమ్మల్ని పేరు పెట్టి కూడా పిలవని రోజులవి, మా చేతుల పనంతా వాళ్ల ఖాతాలోకే పోయేది, నాకంటూ ఒక గౌరవం కావాలనుకోవడం తప్పా అని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ వాళ్లు నాకు చేసిందే నేను ఆమెకు చెయ్యలేదూ?

ఒకసారి చెప్పేద్దామని వెళ్లాను. పీట వేసి కూర్చోబెట్టి, "మా డాక్టరమ్మగారు" అని మనవరాళ్లకు చూపించింది. మజ్జిగ తాగి వచ్చేశాను. మరుసటి ఏడు ఆమె పోయింది.

ఇక క్షమించగలిగిన మనిషి లేదు. మిమ్మల్ని అడగడం లేదు, దేవుణ్ణి అడిగే ధైర్యం ఇంకా రాలేదు. ఆ పరిశోధన మార్తమ్మది. నాది కాదు. ఈ రెండు ముక్కలు కాగితం మీద పెట్టాక, ఎన్నాళ్లకో, ఆకలి అనిపించింది. లేచి అన్నం పెట్టుకు తిన్నాను.