హోసియా తాగని పాలు

హోసియా సుగుత్ బొటనవేళ్ళ సంగతి మా ఊళ్ళో అందరికీ తెలుసు. మనిషి పొట్టి, మాట తక్కువ, ఎడమ మోకాలు పూర్తిగా వంగదు. వయసులో ఉన్నప్పుడు అడ్డుకర్రలూ నీటిగుంటా దాటే పరుగు పోటీలకి వెళ్ళేవాడు. ఒక పోటీలో ఆ నీటిగుంటలోనే కాలు మెలిపడింది, అదే ఆఖరు. తర్వాత కొన్నాళ్ళు ఆవులు కాచాడు, వాటికి సూదులు వేయటం నేర్చుకున్నాడు, చివరికి పరిగెత్తేవాళ్ళ కాళ్ళు పిసికే పనిలో కుదురుకున్నాడు. కెన్యాలో ఎల్డోరెట్ పట్నం దాటి పైకొస్తే లోయ అంచున ఉంటుంది మా ఊరు. ఇక్కడ కాళ్ళకి కొదవ లేదు. పొద్దున్నే పరుగు ముగించుకుని, పిక్కల నిండా ఎర్రదుమ్ముతో వచ్చి అతని రేకుల గదిలో బల్ల మీద బోర్లా పడుకునేవాళ్ళు. అతను ఒక్కచోట నొక్కి, "నిన్న గుట్ట ఎక్కావు. ఎక్కొద్దన్నానా?" అనేవాడు. ఆ మాట తప్పడం ఎవరూ చూడలేదు.

అతని చేతికింద ఎదిగినవాళ్ళలో గట్టి పిల్ల మెర్సిలీన్ జెబివోట్. పరాయిది కాదు, హోసియా అక్క రోడా కొడుకు ఎలియాకిమ్ భార్య. ఎలియాకిమ్ కూడా ఒకప్పుడు పరిగెత్తినవాడే కానీ, పెళ్ళయ్యాక భార్య పరుగు చూసుకోవటమే తన పనిగా పెట్టుకున్నాడు. ఏ పోటీకి వెళ్ళాలి, ఎవరితో మాట్లాడాలి, ఏం తినాలి, అన్నీ అతనే. ఆమెకి పరిగెత్తటం, నిద్రపోవటం మిగిలేవి. మా దగ్గర చాలా ఇళ్ళలో అంతే. ఎవరూ వింతగా చూడరు.

రెండేళ్ళు వరసగా పెద్ద పోటీల్లో ఆమె మూడో చోటుకీ నాలుగో చోటుకీ పడిపోతూ వచ్చింది. అప్పుడొక రోజు ఎలియాకిమ్ టీ ఫ్లాస్కు పట్టుకుని మామ గదికి వచ్చాడు. మూత తీస్తే లోపల ఐసుముక్కలు, వాటి మధ్య చిన్న గాజుసీసా.

"మావయ్యా, దీన్ని మెర్సిలీన్‌కి వెయ్యాలి. సూదంటే నాకు చేతులు వణుకుతాయి."

"ఏంటిది?"

"ఇనుము. రక్తం పడుతుందంట."

హోసియా సీసాని వెలుగుకి ఎత్తి చూశాడు. చీటీ గోకేసి ఉంది. ఇనుము మందు తుప్పునీళ్ళలా ఉంటుందని ఆవులకి వేసిన మనిషికి తెలియనిది కాదు. ఇది ఊటనీళ్ళలా తేటగా ఉంది.

"ఇనుమైతే ఐసులో ఎందుకురా?"

"ఎండకి పాడవుద్దంట."

"ఈ ఊళ్ళో ఎండెక్కడ చచ్చింది?"

ఎలియాకిమ్ నవ్వాడు. "నువ్వు కాళ్ళు పిసికేవాడివా, పోలీసువా? పక్క ట్రైనింగ్ క్యాంపులో ఎవరిని చూసినా ఇదే. మనమొక్కళ్ళమే ఉత్త ఉగాలి ముద్దలు తిని వాళ్ళ వెనకాల దుమ్ము మింగాలా?"

హోసియా ఇంకేమీ అడగలేదు. అడిగితే సమాధానం వినాల్సి వస్తుంది. విన్నాక కాదనాలి. అక్క కొడుకుని కాదనటం ఒక ఇబ్బంది. తన చేతుల్లో పెరిగిన పిల్ల ఇంకోసారి నాలుగోది కావటం దానికంటే పెద్ద ఇబ్బంది.

మెర్సిలీన్ బల్ల మీద పడుకుని చొక్కా అంచు పొట్ట మీదికి ఎత్తింది. "ఏంటి మావయ్యా ఇది?"

"ఇనుము."

"నెమ్మదిగా వెయ్యి. నన్ను కూడా నీ ఆవనుకోకు."

"ఆవు ఇంత గోల చెయ్యదు."

ఆ తర్వాత కొన్ని నెలలపాటు ఎలియాకిమ్ ఫ్లాస్కు పట్టుకుని వస్తూనే ఉన్నాడు. మెర్సిలీన్ గుట్టలు ఎక్కి వచ్చినా పిక్కలు రాయిలా బిగుసుకునేవి కావు. వేళ్ళకింద తేడా హోసియాకే ముందు తెలిసింది. ఆ తేడా తన వేళ్ళది కాదని కూడా తెలిసింది.

ఇటలీలో ఒక మారథాన్ గెలిచి వచ్చిందామె. గెలిచి వచ్చినవాళ్ళకి ఊరి మొదట్లో ముర్సిక్ తాగించటం మా ఆచారం. పొగబెట్టిన సొరబుర్రలో బొగ్గుపొడి రుద్ది పులియబెట్టే పాలు అవి. మా వైపు ఆ బుర్ర పట్టుకునేది తాప్‌కిగెన్ అవ్వే. ఆమె చేతి పాలు తాగకుండా ఇక్కడ ఎవరూ పెద్దవాళ్ళు కాలేదు, హోసియాతో సహా. అవ్వ మెర్సిలీన్ నోటికి బుర్ర అందించి ఎత్తి పట్టింది, ఆడవాళ్ళు పాడారు, వాడ పెద్ద అరప్ మిబే లేచి, "కాళ్ళు ఈ పిల్లవి, వాటిని నిలబెట్టింది హోసియా వేళ్ళు," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. హోసియా తల దించుకున్నాడు. సిగ్గరి అనుకున్నారు.

పరిగెత్తేవాళ్ళు మందులు వాడారేమో చూసే పరీక్షల వాళ్ళు అంతకుముందే ఒక తెల్లవారుజామున ఇంటికొచ్చి ఆమె మూత్రం పట్టుకెళ్ళారు. ఫలితం ముర్సిక్ తాగిన నెలలోపే వచ్చింది. రక్తం పెంచే మందు దొరికింది. అంటే నాలుగేళ్ళు పరుగు బంద్. ఇరవై ఏడేళ్ళ మనిషికి ఆ తర్వాత మిగిలేది పెద్దగా ఏమీ ఉండదు. ఎల్డోరెట్‌లో లాయరు ఒక్క దారి చెప్పాడు. మందు తనకి తెలియకుండా ఎలా లోపలికెళ్ళిందో చూపించగలిగితే శిక్ష తగ్గొచ్చు. చూపించలేకపోతే తనే వేసుకున్నట్టు.

మెర్సిలీన్ నోట్లోకీ ఒంట్లోకీ వెళ్ళినవన్నీ గుర్తు తెచ్చుకోవటం మొదలుపెట్టింది. టీ, ఉగాలి, ఆకుకూర, రోజూ తాగే అవ్వ పాలు, మావయ్య సూది. నేరుగా హోసియా గదికి వచ్చింది. కూర్చోలేదు.

"మావయ్యా, నువ్వేసింది ఇనుమే కదా?"

"ఇనుమే."

"నా మీద ఒట్టేసి చెప్పు."

"ఇనుమే అంటున్నా కదా," అన్నాడు హోసియా. గోడకున్న తువ్వాలు తీసి, శుభ్రంగా ఉన్న బల్లని తుడిచాడు.

"సరేలే. నిన్ను కూడా అనుమానించాల్సి వచ్చింది, చూడు," అని ఆమె క్షమాపణ చెప్పినంత పని చేసి వెళ్ళిపోయింది.

ఇక మిగిలింది పాలు. ఆ మాట ముందు ఎవరన్నారో ఊళ్ళో అడిగితే ఎవరూ చెప్పరు కానీ, ఎలియాకిమ్ టీకొట్టు దగ్గర అంటుండగా విన్నవాళ్ళున్నారు. అవ్వ ఎప్పుడూ బుర్రల బొగ్గుకి వాడే చెట్టుని రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కొట్టేశారు. ఈ ఏడు బొగ్గుకి వేరే చెట్టు వాడింది. అదేం చెట్టో, అందులో ఏముందో ఎవరికి తెలుసు? ఇలాంటి మందు పాలల్లోంచి రాదని లాయరు చెప్పాడు. అయినా లాయరుది ఎల్డోరెట్, చెట్టుది మా ఊరు. మాకు చెట్టు మాటే నమ్మకంగా అనిపించింది. మొదట క్యాంపు వాళ్ళు అవ్వ దగ్గర పాలు మానేశారు, తర్వాత పిల్లలున్న ఇళ్ళవాళ్ళు. అవ్వ రోజూ బుర్రలు మోసుకుని వచ్చేది, బరువు తగ్గకుండానే మోసుకుని వెళ్ళేది.

ఒక మధ్యాహ్నం ఆమె భుజం పట్టేసిందని హోసియా దగ్గరికే వచ్చింది.

"గట్టిగా పట్టు. మెత్తగా రుద్దటానికి నేను మీ పరుగుపిల్లని కాదు."

"పడుతున్నా అవ్వా."

"చేతులు వణుకుతున్నాయేంట్రా? తాగుడు మొదలెట్టావా?"

"లేదు."

"మొదలెట్టు మరి. నా పాలు ఎలాగూ ఎవరూ తాగట్లేదు," అని తన మాటకి తనే నవ్వింది. హోసియా నవ్వలేదు. భుజం మీద ఎముక చర్మం కిందే తగులుతోంది. ఆ పూట ఆమె దగ్గర ఏమీ తీసుకోలేదు. తీసుకోకపోవటం తేలిక. అలాంటి తేలిక పనులు ఆ రోజుల్లో చాలా చేశాడు. మెర్సిలీన్ ఇంటికి కట్టెలు వేశాడు, అవ్వ ఆవులకి పేల మందు కొట్టాడు. చెప్పాల్సిన ఒక్క మాట మాత్రం నాలుక మీదికి రాలేదు.

చివరికి అవ్వే పంచాయితీ పెట్టమంది. శనివారం మధ్యాహ్నం బడి మైదానంలో వాడంతా గడ్డి మీద కూర్చుంది. మెర్సిలీన్ ఒక పక్క, రోడా కొడుకు పక్కన, హోసియా మగవాళ్ళ వరసలో. అరప్ మిబే మొదలుపెట్టబోతుంటే అవ్వ ఆపింది.

"మాటలతో తేలేది కాదు పెద్దాయనా. బుర్ర తెచ్చాను. ఆ కొత్త చెట్టు బొగ్గుతోనే చేశాను. నా మీద కడుపులో మాట లేనివాళ్ళు తాగండి. ఉన్నవాళ్ళు మానండి. ఎవరు మానారో చూసుకుని వెళ్ళిపోతాను."

ఇదంత చిన్న విషయం కాదు. మనసులో తగువో దాచిన తప్పో పెట్టుకుని ఒకే బుర్ర పాలు తాగటం మాలో ఉండదు. తగువున్న ఇద్దరు అన్నదమ్ములు అది తీరేదాకా ఒకరింటి పాలు ఒకరు ముట్టరు. తాగాక ఇక ఆ మాట ఎత్తటానికి లేదు.

అరప్ మిబే తాగి మూతి తుడుచుకున్నాడు. "పుల్లగానే ఉంది, ఎప్పట్లాగే," అన్నాడు. కొంతమంది నవ్వారు. బుర్ర వరసలోకి వచ్చింది. అనుమానపడినవాళ్ళు కూడా పక్కవాడి మొహం చూసి తాగారు. ఎలియాకిమ్ అందుకుని పెద్ద గుక్క తాగాడు, మీసానికంటిన నల్లపొడి నాక్కున్నాడు, మామ చేతికి అందించాడు.

హోసియా పట్టుకుని కూర్చున్నాడు. పొగవాసన ముక్కుకి తగిలింది. పెదాల దాకా ఎత్తాడు. దించాడు.

"కానియ్ హోసియా, వెనకాల జనం ఉన్నారు," అన్నారెవరో.

మళ్ళీ ఎత్తలేదు. బుర్రని గడ్డి మీద నిలబెట్టి, పడిపోకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. వరసలో గుసగుస మొదలైంది. హోసియా మానాడంటే ఏదో ఉంది. కాళ్ళు తెలిసినవాడు, ఒళ్ళు తెలిసినవాడు. అవతల తాగటానికి చెయ్యి చాపినవాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అవ్వ లేచి నిలబడింది.

"నువ్వు కూడానా? మీ అమ్మకి పాలు పడకపోతే నిన్ను ఎవరు పెంచారో అడుగు వీళ్ళని."

తను తాగకపోతే అవ్వ దోషి. ఆ సంగతి హోసియాకి అప్పుడే అర్థమైంది. తాగితే అబద్ధం, మానితే అంతకంటే పెద్ద అబద్ధం.

"నీ మీద కాదు అవ్వా," అన్నాడు. వెనక వరసలకి వినపడలేదు. మళ్ళీ అన్నాడు. "నీ మీద ఏం లేదు. పాలల్లో ఏం లేదు. సూది నేనేశాను. అది ఇనుము కాదు."

మెర్సిలీన్ అతని వంక చూసింది. కోపంగా కాదు, లెక్క తప్పినట్టు.

"అడిగాను కదా మావయ్యా."

"అడిగావు."

"తెలుసా నీకు?"

"తెలుసు. పేరు తెలీదు. ఇనుము కాదని తెలుసు."

అరప్ మిబే చేతికర్రని మోకాళ్ళ మీద పడుకోబెట్టాడు. "మందు నీకెక్కడిది?"

హోసియా తల ఎత్తాడు. ఎదురుగా రోడా. ఆమె కళ్ళతోనే వద్దంటోంది. ఎలియాకిమ్ గడ్డి పీకుతున్నాడు.

"చెప్పకపోతే నేనే తెచ్చి ఇచ్చాననుకుంటారు," అంది మెర్సిలీన్. "నాలుగేళ్ళూ నావే అవుతాయి."

"ఎలియాకిమ్ తెచ్చాడు," అన్నాడు హోసియా.

"ముసలాడికి మతిపోయింది," అని ఎలియాకిమ్ లేచాడు. లేచినవాడు కూర్చోలేదు, గేటు వైపు నడిచాడు. రోడా లేచి, పావడా మీది గడ్డి దులుపుకుంది. "నాకు తమ్ముడు లేడు," అని మామూలు గొంతుతో చెప్పి కొడుకు వెనకాల వెళ్ళింది. అవ్వ వచ్చి హోసియా చేతుల్లోంచి బుర్ర తీసుకుంది. అతనికి ఇవ్వజూపలేదు. అతన్ని దాటించి పక్కవాడికి ఇచ్చింది. బుర్ర చివరిదాకా వెళ్ళింది.

మూడు వారాల తర్వాత నైరోబీలో, కిటికీలు మూసి ఉన్న ఒక విచారణ గదిలో హోసియా అదంతా మళ్ళీ చెప్పాడు. ఇలాంటి సూది వేసినవాడికి జైలు కూడా పడొచ్చని ముందే చెప్పారు, విని తలూపాడు. మెర్సిలీన్ లాయరు పక్కన కూర్చుంది. తెల్లవారుజామున బయల్దేరిన మటాటు వ్యానులో ఇద్దరూ ఒకే సీటులో వచ్చారు, దారంతా ఆమె కిటికీ వైపే తిరిగి కూర్చుంది. బల్ల అవతలి నుంచి కళ్ళజోడు ఆవిడ కాగితాలు పక్కన పెట్టి అడిగింది.

"ఇదేంటని ఆమె అడిగిందన్నారు. మరి అప్పుడే నిజం ఎందుకు చెప్పలేదు?"



"చెబితే వద్దనేది," అన్నాడు.

రాసుకుంటున్న అమ్మాయి కలం ఆపి అతని వంక చూసింది. మెర్సిలీన్ చూడలేదు.