అవ్వ చాటలో మెరుపు రాజన్న

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో ఒక ఘోరం జరుగుతుంది. ఎర్రటిది పారుతుంది, పచ్చటిది అంటుకుంటుంది, ఒక అల్లుడి పరువు ఎల్లారెడ్డిలో అత్తగారింటి చాప మీద కూలబడుతుంది. గుండె నిబ్బరం లేనివాళ్ళు ఒక చాయ్ తాగి వచ్చి చదవండి. ఆ అల్లుణ్ణి నేనే. మీరు ఎంత నవ్వినా ఏమీ అనుకోను, మా ఇంట్లోవాళ్ళు నన్ను ఎప్పుడో అలవాటు చేశారు.

అప్పట్లో నేను కామారెడ్డిలో ఓ మొక్కజొన్న గోదాములో పని చేసేవాణ్ణి. రైతు తెచ్చిన మక్కల్ని గుప్పిట పట్టి, ఒక గింజ పంటికింద వేసి, ఇది ఫలానా గ్రేడు అని తేల్చడం నా ఉద్యోగం. పొద్దంతా అదే పనిలో ఉన్నవాడికి ఇంటికొస్తే మాత్రం బుద్ధి మారుతుందా? కొత్త కాపురంలో సుజాత వండిన పప్పుకు ఒకసారి గ్రేడు వేశాను. రెండోసారి వేయలేదు.

ఆ పిచ్చే నన్ను బొమ్మల పుస్తకాల్లోకి దింపింది. మనుషులు బొమ్మల పుస్తకాలు పోగు చేస్తారు, అందులో వింత లేదు. నేను పోగు చేసింది ఒకే ఒక్క పుస్తకం. 'మెరుపు రాజన్న' అని పాతకాలపు బొమ్మల కథలు వచ్చేవి. అందులో 'మంటల కోట' అనే ఒక్క సంచికనే ఎన్ని స్థితుల్లో ఉంటుందో అన్ని స్థితుల్లో సంపాదించాలని పట్టుబట్టాను. అచ్చాఫీసు నుంచి దిగి మనిషి చెయ్యి తగలనిది మింట్. అట్ట చిరిగి, మూలలు అరిగి, పుస్తకమని గుర్తుపట్టడమే కష్టమైనది పూర్. నడుమ ఉన్న మెట్లన్నీ నా దగ్గర ఉన్నాయి. మింట్ కూడా ఉంది, ప్లాస్టిక్ కవరులో, బీరువాలో, సుజాత పట్టుచీరల కన్నా పై అరలో. లేనిదల్లా పూర్ ఒక్కటే.

లోకమంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు కదా. అందరూ మంచిది దొరక్క ఏడుస్తుంటే నేను చెడ్డది దొరక్క ఏడ్చేవాణ్ణి. అంత పాడైన పుస్తకాన్ని ఎవరు దాస్తారు? నేనే ఒకదాన్ని చింపుకుందామంటే పుస్తకాలు పోగు చేసేవాళ్ళ వాట్సాప్ గుంపులో నియమం ఒకటి ఏడ్చింది. సొంతదారు కావాలని పాడు చేస్తే లెక్కలోకి రాదు, పుస్తకం తన బతుకు తాను బతికి అరగాలి.

"అన్నిట్ల గదే కథ గదా?" అని సుజాత ఓసారి అడిగింది.

"కథ అదే. పుస్తకం వేరు."

"రోజు సదువుతవా?"

"చదువుతారా ఎవరన్న? పేజీ తిప్పితే గ్రేడు పడిపోతది."

"మనింట్ల గూడ రోజు గదే పప్పు. గిన్నెలు వేరే. నేనెన్నడు గింత సంబరపడలే" అని లోపలికి పోబోయింది. వెనక్కి పిలిచి, ఈ సంగతి మీ వాళ్ళకు మాత్రం చెప్పకు అని ఒట్టు వేయించుకున్నాను. గోదాములో పెద్ద సారు అనుకుని పిల్లనిచ్చారు, పిల్లల పుస్తకాలు దాచుకుంటాడని తెలిస్తే నా మర్యాద ఏం కావాలి? ఆ ఒట్టును గుర్తుపెట్టుకోండి, అదే నన్ను ముంచింది.

తర్వాత నెలలో ఎల్లారెడ్డిలో అత్తగారింటికి వెళ్ళాం. సుజాత నాయనమ్మ, అందరికీ ఆమె అవ్వే, వాకిట్లో ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కన కూర్చున్నాను. ఆమె వేళ్ళు ఆకును చుడుతుంటే చూస్తూ చూస్తూ చాట అడుగుకు చూపు పోయింది. తంబాకు కింద ఒక కాగితాల ముద్ద. ఆ ముద్దలోంచి ఒక కన్ను, సగం మీసం. ఆ మీసాన్ని నేను చీకట్లో కూడా గుర్తుపడతాను. రాజన్నది, అదీ మంటల కోట అట్ట మీదిది.

పెళ్ళిచూపుల్లో కూడా నా గుండె అంత కొట్టుకోలేదు. (సుజాతా, నువ్వు ఇది చదువుతావని తెలుసు. కొట్టుకుంది, కానీ వేరే రకంగా.)

"అవ్వా, చాటల గదేంది?"

"గిదా? మీ మామ బడికి పోయేటప్పటి బొమ్మల పుస్తకం బిడ్డా. గది సదువుకుంట బర్లను పక్కోని చేన్ల ఇడిసిపెట్టి నాతోని దెబ్బలు తిన్నడు. తంబాకు రాలకుండ అడుగున ఏస్కుంటున్న."

అట్ట సగం లేదు. ఓ మూల ఎలుక కొరికింది. చివరి పేజీలు ఎటు పోయాయో తెలియదు. ఏ సొంతదారూ కావాలని పాడు చేయలేదు, పుస్తకం తన బతుకు తాను నిండుగా బతికింది. అచ్చమైన పూర్.

ఇక్కడ బుద్ధున్నవాడు ఏమంటాడు? "అవ్వా, అది నాకియ్యి" అంటాడు. కానీ కొత్త అల్లుడు చాట అడుగు కాగితం అడగడమా? అందుకని తెలివి ఉపయోగించాను. నిట్టూర్చి, గొంతు బరువు చేసుకుని, "గీ పుస్తకమంటే నాకు చిన్నప్పటి సంది పానం అవ్వా. ఎంత తిరిగినా దొరకలే" అన్నాను. అలా అంటే 'తీస్కపో బిడ్డా' అంటుందని నా లెక్క.

అవ్వ నన్ను చూసింది, ముద్దను చూసింది. చాటను మెల్లగా పక్కకు జరిపి, "గట్లనా బిడ్డా" అంది. అంతే. పోయేటప్పుడు మా సంచిలో సర్వపిండి పెట్టారు, పచ్చడి పెట్టారు. బస్సు లింగంపేట దాటేదాకా ఆ సంచి అడుగంతా వెతికాను.

"ఏం దేవులాడుతున్నవ్?" అంది సుజాత.

"ఏం లే. పచ్చడి కారుతుందేమోనని."

కొన్నాళ్ళకు కామారెడ్డిలో పాత పుస్తకాలమ్మే యాదగిరి ఫోన్ చేశాడు. నా పిచ్చిని పెంచి పోషించింది ఆయనే.

"సార్, మీ మంటల కోట ఒకాయనకు కావాల్నట. మస్తు సార్లు తిరిగిండు పాపం. కొత్తదాని లెక్క ఉండాల్నట, మరక గిట్ల ఉండొద్దట."

"నా దగ్గరున్నట్టు చెప్పినవా?"

"ఎట్ల చెప్త? చెప్తే సక్కగ మీ ఇంటికే వస్తరు. మరి నా దుకాణం దేనికి?"

"ఇయ్యను పో."

"బదులు గదే పుస్తకం ఇస్తనంటుండు సార్. ఆయనింట్ల పాతదున్నదట, ముట్టుకుంటె రాలుతదట. ఎలక గూడ కొరికిందట."

మీకు ఇప్పటికే అర్థమైంది. నాకు కాలేదు. మక్కగింజ కొరికి దాని వయసు చెప్పగలిగే నేను, 'ఆహా, ఈ జిల్లాలో ఎలుక కొరికిన మంటల కోటలు రెండున్నాయన్నమాట' అని పొంగిపోయాను. మింట్ వెతికితే ఎప్పటికైనా దొరుకుతుంది, పూర్ మళ్ళీ దొరకదు అనుకున్నాను. అయినా ఆశ చావక ముందు మింట్ కన్నా ఒక మెట్టు కింది కాపీ పంపాను. మర్నాడే తిరిగొచ్చింది.

"మూలకు సన్నగ గీత ఉన్నదట సార్. ఎవ్వలికో పెట్టేదట. గీత పడ్డది పెట్టొద్దట."

పెట్టేదట. ఆ మాట విని కూడా నాకు వెలగలేదు. పాతది తర్వాత తెచ్చిస్తానంటే నమ్మి, బీరువా తెరిచి, కవరు తుడిచి, మింట్‌ను యాదగిరి చేతిలో పెట్టాను. పిల్లను అత్తారింటికి పంపినట్టు వీధి మలుపు దాకా చూస్తూ నిలబడ్డాను.

ఆ వారంలోనే మామ ఫోన్. "బిడ్డా, ఐతారం నాడు మీరిద్దరు రావాలె. అవ్వ రమ్మంటుంది."

వెళ్ళాం. కోడికూర వండారు. రెండుసార్లు వేయించుకున్నాను. ఆ కూర సంగతి మళ్ళీ వస్తుంది. తిన్నాక నన్ను చాప మీద కూర్చోబెట్టారు. ఇత్తడి తాంబాళంలో తువ్వాల, తమలపాకులు, కొబ్బరికాయ పట్టుకుని అవ్వ వచ్చింది. తువ్వాల మీద మంటల కోట. అట్ట మీద అచ్చు పక్కకు జరిగి రాజన్న చెవి రెండుగా కనిపిస్తోంది. ఆ లోపం ఉన్నది నా మింట్‌కు ఒక్కదానికే.

అత్త సొమ్ము అల్లుడి దానం అని విన్నాను. అల్లుడి సొమ్ము అల్లుడికే దానం చేయడం ఆ రోజే చూశాను.

"కవరేది?" నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

"కవరుకు బొట్టు పెడ్తె అంటుకుంటదా బిడ్డా?" అంది అవ్వ.

మా వైపు కొత్త వస్తువు ఏది వచ్చినా, బండి కానీ బీరువా కానీ, నాలుగు మూలలకు పసుపు, నడుమ కుంకుమ పడాల్సిందే. అల్లుడికి పెట్టేదైతే మరీను. అవ్వ బొటనవేలు తడి పసుపులో మునిగింది. ఆ వేలు అట్ట వైపు వస్తుంటే గోదాము మీదికి లారీ వస్తున్నట్టు అనిపించింది.

"అవ్వా, జర ఆగు."

"ఏమైంది బిడ్డా?"

ఏమని చెప్పాలి? ఇంటిల్లిపాదీ నన్నే చూస్తున్నారు. "ఏం లేదు. కొంచెం తక్కువ పెట్టు."

"అల్లునికి తక్కువ పెడ్తమా?" అని అవ్వ నాలుగు మూలలకూ దిట్టంగా రుద్దింది. నడుమ రూపాయంత కుంకుమ పెట్టింది. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు పైన చల్లింది. కుంకుమ రాజన్న ముక్కు మీదుగా మీసంలోకి పారింది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడక్కపోయినా అవ్వ మాత్రం పెడుతుంది, అదీ బొట్టు.

"పొలం పని ఇడిసి కామారెడ్డికి తిరిగిన బిడ్డా" అన్నాడు మామ. ఆయన ముఖం బడిపిల్లాడి ముఖంలా వెలిగిపోతోంది. "నువ్వు పానమంటివి గదా. దొరికినంక ఆగలేక నేను గూడ బస్సుల సదివిన, ఏలు తడి చేస్కుంట. లింగంపేట కాడ కండక్టర్ పిలిస్తె ఏడిదాక సదివిన్నో యాది ఉండాల్నని మూల మలిసిన."

ఇక ఆ పుస్తకానికి మిగిలిందేమీ లేదు. ఉన్న ఒక్క ఆశనూ పట్టుకుని మెల్లగా అడిగాను. "మరి... మన పాతది?"

"యాదగిరికి ఇస్తనన్న గని మా అవ్వ ఒప్పుకోలే. దాని బదులు ఒక సంచి మక్క కంకులు ఇచ్చొచ్చిన."

"గసొంటి తుక్కు పరాయోళ్ళకు ఇస్తె మన ఇజ్జత్ ఏంగావాలె?" అంది అవ్వ. "ఇయ్యాల పొద్దుగాల పొయ్యి అంటుకోలే. గది ఏసినంకనే అంటుకున్నది. గా మంట మీదనే నీకు కోడికూర ఉడికింది."

నేను రెండుసార్లు వేయించుకున్న కూర.

అంతటితో అయిపోయిందనుకుంటే పొరపాటు. మామ దగ్గరికి జరిగి కూర్చున్నాడు. "బిడ్డా, నా పాతదాంట్ల ఆఖరి పేజీలు చినిగిపోయినయ్. రాజన్న కోటల నుంచి ఎట్ల బయటపడ్తడో చిన్నప్పుడు నాకు తెల్వనే లేదు. నిన్ననే తెలిసింది. గట్ల అయితదని నువ్వు అనుకున్నవా?"

నేను నేల చూశాను. ఏ కాపీలోనూ చివరి పేజీ నేను తెరవలేదు. ఏ కాపీలోనూ మొదటి పేజీ కూడా తెరవలేదు.

"యాదికి వస్తలేదు మామా."

"పానమంటివి గదా?"

సుజాత కొంగు నోట్లో కుక్కుకుంది. ఒట్టు వేసిన మనిషి కదా, ఒక్క మాట పైకి రానివ్వలేదు. మామ ముఖంలో వెలుగు తగ్గడం చూసి నాకు నిజంగానే సిగ్గేసింది. ఇన్నాళ్ళలో ఆ పుస్తకాన్ని ఎవరైనా ఇష్టంగా చదివారంటే ఈయన ఒక్కడే. అందుకే, "నువ్వే సదివి వినిపించు మామా" అన్నాను.

ఆయన వేలు తడి చేసుకుని చదివాడు. రాజన్న మంటలు దూకుతాడు, కోట గోడలెక్కుతాడు, సొరంగం తవ్వుతాడు. ఒళ్ళంతా కాల్చుకుని చివరికి ద్వారం దగ్గరికి వస్తే కావలివాడు, 'తలుపు తీసే ఉంది. అడిగితే మొదటి రోజే చెప్పేవాణ్ణి' అంటాడు. అంతే కథ.

"నోరు తెరిసి అడగొద్దా మరి? పిచ్చి పొల్లగాడు" అంది అవ్వ, రాజన్న గురించే. సుజాత మాత్రం నా వైపు చూసింది.

తిరుగు బస్సులో పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకున్నాను. పసుపు, కుంకుమ, కొబ్బరినీళ్ళు, మడిచిన మూల, ఉబ్బిన అట్ట. అట్ట అంచున తంబాకు వాసన, అది అవ్వ వేలిది.

"నువ్వన్న చెప్పొద్దా?" అన్నాను.

"నువ్వే ఒట్టేయించుకుంటివి గదా. ఇప్పుడు గిది ఏ గ్రేడు?"

వృత్తిధర్మం కొద్దీ నిజాయితీగా చూశాను. "పూర్."

"నువ్వు కావాలని పాడు చేసినవా?"

"లేదు."

"ఇంకేం మరి, నీకు కావాల్సింది దొరికింది" అని నా భుజం మీద తల పెట్టి లింగంపేట దాకా నవ్వింది.

ఆ రోజు నుంచి అత్తగారింట్లో నేను చాట వైపు చూడను. పోయినసారి బుద్ధిగా గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. గోడకు ఆగిపోయిన గడియారం ఒకటి వేలాడుతోందని నాకేం తెలుసు? నిన్న మామ ఫోన్ చేసి, "బిడ్డా, గుండ్రంది కావాల్నా, నాలుగు మూలలది కావాల్నా?" అన్నాడు.

కాబట్టి పొయ్యిలో కాలిన రాజన్న సాక్షిగా, మీ అందరి ముందు ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఎల్లారెడ్డి గడప తొక్కితే కళ్ళు మూసుకుని నోరు తెరుస్తాను.