పత్తి నిండిన ఇల్లు

ఆ ఎండాకాలం మా ఇంట్లో తినే గింజ లేదంటే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. ఆయన పోయాక పత్తికొండ దగ్గరి ఆ పల్లెలో నేనొక్కదాన్నే ఉండి సేద్యం చేయించేదాన్ని. జొన్న మానేసి చేనంతా పత్తి పెట్టించింది నేనే. కూలికి జొన్నలు కొలిచే బాధ తప్పిందని సంబరపడ్డాను కూడా. దుడ్లుంటే అంగట్లో ఏదైనా దొరుకుతుందనుకున్నాను.

ధర పెరుగుతుందని పత్తిని పడసాలలో కప్పు దాకా నింపి కూర్చున్నాను. ఇంతలో కరోనా వచ్చి మార్కెట్ మూసేశారు. చేతిలో దుడ్లు అయిపోవచ్చాయి, ఊరి అంగట్లో సరుకూ అడుగంటింది. భూమి ఎక్కువని మాకు రేషన్ కార్డు లేదు.

వీధిలో మనిషి అలికిడి లేదు. మా చేలో పత్తి తీసే ఆమె ఒక్కతే మధ్యాహ్నం వచ్చి, మూతికి కొంగు అడ్డం పెట్టుకుని అరుగు చివర కూర్చునేది. ఆమె కోసం పొద్దుటి నుంచీ ఎదురుచూసేదాన్ని.

ఒకరోజు సంచి తెచ్చింది.

"అక్కా, బెంగుళూరు నుంచి కొడుకులు, కోడండ్లు, పిల్లోళ్లు వచ్చిండారు. కార్డులో ఇద్దరం, ఇంట్లో ఎనిమిది మందిమి. రేషన్ బియ్యం అయిపాయ. రెండు సేర్లు జొన్నలుంటే ఇయ్యక్కా."

"లేవే" అన్నాను.

ఆమె నా వెనక మూసి ఉన్న తలుపు వైపు చూసింది. "ఇంత ఇంట్లో లేవా అక్కా?"

తలుపు తీసి లోపల పత్తి తప్ప గింజ లేదని చూపిస్తే సరిపోయేది. పైన పటారం లోన లొటారమని తెలిసిపోతుందని సిగ్గుపడ్డాను. ఇంకో మాట కూడా చెప్పాలి. వంటింట్లో డబ్బా అడుగున కొన్ని బియ్యం ఉన్నాయి. వాళ్లకైతే ఒక్క పూట, నాకైతే నాలుగు రోజులు. ఆమె ముందు నిలబడే అది ఆలోచించాను.

"మార్కెట్ తెరిచినాంక చూద్దాంలే."

ఆమె సంచి మడిచి చంకలో పెట్టుకుని పోయింది. మరుసటి రోజు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. ఆ వేసవంతా గోడలతో మాట్లాడాను. తిన్న ఆ నాలుగు రోజుల అన్నం ఒంటికి పట్టలేదు.

ఆ బియ్యం అయ్యేసరికి మార్కెట్ తెరిచారు, పత్తి చివరికి అగ్గువకే పోయింది. మరుసటి ఏడు సగం చేను జొన్న వేయించాను. పత్తి తీతకు ఆమె మామూలుగానే వచ్చింది. మధ్యాహ్నం జొన్నరొట్టెలు చేసి తీసుకుపోయి, గట్టు మీద నా పక్కన కూర్చోమని పిలిచాను. ఆమె ముఖంలో కోపమేమీ లేదు. పొద్దున చీకటితో పనిలోకి దిగిన మనిషి, "ఆకలి లేదులే అక్కా" అని మళ్లీ సాలులోకి పోయింది.