కోటయ్య కళ్ళంలో గునుగు పూలు

నైజాం గొడవలకు ఊళ్ళు విడిచి, కృష్ణ దాటి మన పల్నాటికి వచ్చినవాళ్ళను గురించి వినని వారుండరు. వాళ్ళకు బియ్యం ఎవరిచ్చారో, పాకలు ఎవరు వేశారో నేనూ విన్నాను. మాచెర్లలో బండి తోలే మస్తాను నరసరావుపేటలో మా పత్తి కొట్టుకు వచ్చినప్పుడు చెప్పింది మాత్రం వేరు. "పని దొరికితే చేస్తారు, లేకపోతే ఊరికే కూర్చుంటారండీ. పాట లేదు, ఆట లేదు. చూస్తుంటే నాకే ఊపిరాడదు." పరాయి ఊళ్ళో సాయంత్రం పూట ఏం చేయాలో తోచని స్వభావం నాది. ఏకంగా దేశమే మారిన పెద్దవాళ్ళు తీరికను ఏం చేసుకుంటారో చూడాలనిపించింది. దసరాకు కొట్టు మూయగానే బయలుదేరాను.

నరసరావుపేటలో పొద్దున్నే రైలెక్కాను. మూడో తరగతి టిక్కెట్టు రూపాయి పైచిల్లర. నడికూడి, గురజాల దాటేసరికి గట్లన్నీ నాపరాళ్ళే. మధ్యాహ్నానికి మాచెర్లలో దిగితే మస్తాను స్టేషను బయటే ఉన్నాడు. బండికి రానూ పోనూ ఎనిమిది అణాలన్నాడు. "నా టీ మీదే. ఎద్దులు మీ మీద ఆధారపడవులెండి, వాటి తిండి అవే చూసుకుంటాయి" అని నవ్వాడు.

చంద్రవంక వాగు పక్కన కోటయ్య అనే రైతు కళ్ళం ఉంది. దాని వెనకే పాకలు. మేము వెళ్ళేసరికి కోటయ్య నడుం మీద చేతులు పెట్టుకుని సంతోషంగా నిలబడ్డాడు.

"ఇయ్యాల వీళ్ళకు పండగంట, ఇక్కడే ఆడతారంట. కాళ్ళకు అడ్డం పడతాయని పొద్దున్నుంచి మనుషుల్ని పెట్టి కలుపంతా పీకించా. చూడండి, అద్దంలా ఉంది!"

ఎదురుగా ఆడవాళ్ళు పళ్ళెంలో కాసిని తంగేడు పూలు పెట్టుకుని నిలబడ్డారు. వాళ్ళలో పెద్దామె నర్సమ్మ. ఆమె మెల్లగా అంది: "పటేలా, మీరు పీకిచ్చింది గునుగు. అది లేకుంటె బతుకమ్మ లేదు."

వాళ్ళ వైపు ఆడవాళ్ళు చేలల్లో పూసే పూలను గోపురంలా పేర్చి, చుట్టూ తిరిగి పాడతారట. చివర నీళ్ళలో వదులుతారట. తొమ్మిది రోజుల పండగలో ఎనిమిది రోజులు ఎవరికీ మనసు రాలేదు. తొమ్మిదో రోజైన ఇవాళ ఎట్లాగో ఒప్పుకున్నారు.

మస్తాను పగలబడి నవ్వాడు. "ఏంది మామా, పండగను పీకి పెంట మీద పోయించావా!"

"ఒరేయ్, కలుపు మొక్కకు పండగేందిరా!" అన్నాడు కోటయ్య. కానీ ముఖం చిన్నబోయింది. "మాచెర్ల నుంచి బంతిపూలు తెప్పిస్తానమ్మా, ఎన్నంటే అన్ని."

"బంతులు రెండు పెడితె పెడ్తం. అడుగు నుంచి కొసదాక గునుగే ఉండాలె" అంది నర్సమ్మ. తర్వాత నాతో, "పొద్దంత ఖాళీనే గద, ఆడుకోరాదా అంటరు అందరు. పని జేసొచ్చి మాపటికి పాడితె అది ఆట. ఖాళీగ కూసున్నోళ్ళకు పాట ఏడికెల్లి వస్తదయ్యా? ఇయ్యాల గూడ ఆగితె మళ్ళ మొదలువెట్టే ధైర్యం మాకుండదు" అంది.

అప్పుడు కోటయ్య పైపంచె నడుముకు చుట్టి చెత్తకుప్ప వైపు నడిచాడు. అంతలోనే "ఓరి నీ ఎద్దులు కూల! మస్తానూ!" అని అరిచాడు. విప్పి వదిలిన ఎద్దులు కుప్పలో తల పెట్టి హాయిగా నములుతున్నాయి. మస్తాను పరుగెత్తాడు, ఆడవాళ్ళు కొంగులు బిగించి వెనకే పరుగెత్తారు. ఎద్దులను తోలేసి చూస్తే, వేళ్ళతో సహా పీకినా గునుగు వాడలేదు. కొసలు తెల్లగా, గులాబీ రంగులో నిలిచే ఉన్నాయి.

అందరం కుప్ప చుట్టూ కూర్చున్నాం. మట్టి దులిపి కాడలు కోయడం నాకూ అప్పగించారు. "అట్ల గాదయ్యా, కాడ పొడుగుండాలె. మీ ఇంట్ల కూరగూడ మీరే తరుగుతరా ఏంది?" అని ఒకామె అంటే మిగతావాళ్ళు నవ్వారు. చేతులు ఆడుతుండగా నర్సమ్మ నోట సన్నగా పాట మొదలైంది. ఎవరూ ఆమెను పాడమని అడగలేదు.

పొద్దు గుంకే వేళకు బతుకమ్మ మోకాలెత్తు లేచింది. ఎద్దులు తినగా తగ్గిన మేర ఒక పక్క కోటయ్య తెప్పించిన బంతిపూలే నింపారు. ఆట అయ్యాక చంద్రవంకలో వదులుతూ నర్సమ్మ అడిగింది: "ఈ నీళ్ళు కృష్ణల కలుస్తయా?"

"కలుస్తాయి" అన్నాను.

"గంతె చాలు."

కోటయ్య ఒడ్డుకు దగ్గరగా వచ్చాడు. "వచ్చే ఏడు ఒక్క మొక్క కూడా పీకనీయను."

"వచ్చే ఏడు మేం మా ఊళ్ళె ఉంటం, పటేలా."

"మీ ఊళ్ళోనే ఉండండి తల్లీ, చానా సంతోషం. గునుగు మాత్రం నేను ఉంచుతా" అన్నాడు.

పని లేని సమయాన్నే తీరిక అనుకునేవాణ్ణి నేను. తిరుగు రైల్లో నా గోళ్ళలో ఇంకా ఆ మట్టి ఉంది. కడుక్కోబుద్ధి కాలేదు. వాళ్ళు ఉన్నన్నాళ్ళలో ఆ వైపు వెళ్ళేవారుంటే, మధ్యాహ్నానికే మాచెర్ల చేరండి, చీకటి ముదరకముందే బండిలో తిరిగి రావచ్చు. బజారు పూలు కొనవద్దు. దారిలో గట్ల మీది గునుగు పొడుగు కాడలతో కోసి తీసుకెళ్ళండి. అక్కడికి చేరాక ఎద్దులను మాత్రం దూరంగా కట్టించండి.