హెర్ ఫోగెల్ ఎత్తిన చెయ్యి

దెయ్యాల కబుర్లు మొదలైతే అక్కడి నుంచి లేచి టీ పెట్టుకోవడానికి వెళ్ళిపోయే మనిషిని నేను. భయంతో కాదు, విసుగుతో. ఫలానావాళ్ళ కోడలికి గాలి సోకిందని మా అత్తగారు ఫోన్‌లో చెప్తే, "ముందు డాక్టరుకి చూపించమనండి" అని మాట మార్చేసేదాన్ని. ఇప్పుడు నమ్మకం కుదిరిందని కూడా చెప్పను. జరిగింది మాత్రం చెప్తాను. ఇది తలుచుకుంటే నాకు భయం కన్నా సిగ్గే ఎక్కువ కలుగుతుంది. అందుకే ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పలేదు.

2009లో మేము నార్త్ కరోలినాలోని క్యారీలో ఉండేవాళ్ళం. మా ఆయన రవి ఒక మందుల కంపెనీలో పనిచేసేవాడు. మా అమ్మాయి శ్రావ్య టెన్త్ గ్రేడ్. పెళ్ళికి ముందు నేను హైదరాబాద్‌లో జర్మన్ నేర్చుకుని, ఒక ఆఫీసులో జర్మన్ కస్టమర్ల ఈమెయిళ్ళకి జవాబులు రాసేదాన్ని. గ్రీన్ కార్డు వచ్చాక ఆ చదువు మళ్ళీ అక్కరకొచ్చింది. శ్రావ్య వాళ్ళ హైస్కూల్లో జర్మన్ టీచరు కాన్పుకి సెలవు పెడితే, ఆ సెమిస్టరుకి ఆమె బదులు నన్ను తీసుకున్నారు.

నా జర్మన్ గురించి ఒక మాట చెప్పాలి. వ్యాకరణం బాగానే వచ్చు. ఉచ్చారణ మాత్రం అచ్చం తెలుగే. హైదరాబాద్‌లో మా మాస్టారు "నువ్వు జర్మన్ మాట్లాడుతుంటే పక్కన ఆవకాయ ఉన్నట్టుంటుందమ్మా" అని నవ్వేవారు. జర్మనీలో నేను చూసింది ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టు ఒక్కటే. అదీ విమానం మారడానికి.

మా హైస్కూలుకి జర్మనీలోని ఒక బడితో స్నేహ ఒప్పందం ఉండేది. తూర్పు వైపు, థురింగియా అనే ప్రాంతంలో చిన్న ఊరు. వాళ్ళ పిల్లలు ఇక్కడికొచ్చి, మన పిల్లలు అక్కడికెళ్ళి ఇళ్ళల్లో కొన్నాళ్ళు ఉండేవాళ్ళు. ఆ బడిని జిమ్నాజియం అంటారు. తెలుగు తల్లిదండ్రుల్లో ఒకాయన ఆ మాట విని, "అంత దూరం జిమ్ముకి పంపడమేంటండీ, చదువు పాడవదూ?" అని నిజంగానే కంగారుపడ్డారు. యూనివర్సిటీకి వెళ్ళాలనుకునే పిల్లల హైస్కూలుకి జర్మన్లు పెట్టుకున్న పేరది.

ఆ వసంతంలో వాళ్ళు వచ్చారు. అనికా అనే అమ్మాయి మా ఇంట్లో దిగింది. స్వాగత సభలో వాళ్ళ బడి చరిత్ర గురించి జర్మన్‌లో కాసేపు మాట్లాడమని ప్రిన్సిపల్ నన్ను అడిగారు. నేను పొంగిపోయాను. ఆ ఉద్యోగం పర్మనెంట్ అవుతుందన్న ఆశ కూడా లోపల ఉంది.

వాళ్ళ వెబ్‌సైట్ చూసి తయారయ్యాను. సన్యాసుల మఠంలో లాటిన్ నేర్పే బడిగా మొదలైందట. మఠం పోయింది, బడి మిగిలింది. మొదటి ప్రపంచయుద్ధంలో పెద్ద తరగతుల పిల్లలు బెంచీల మీద నుంచి లేచి నేరుగా సైన్యంలోకి వెళ్ళారు. తిరిగి రానివాళ్ళ పేర్లు మెట్ల దగ్గర రాతి మీద చెక్కించారు. నాజీల కాలంలో యూదుల పిల్లల్ని వెళ్ళగొట్టారని కూడా దాచకుండా రాసుకున్నారు. తర్వాత ఆ ఊరు కమ్యూనిస్టుల తూర్పు జర్మనీలో పడింది. బెర్లిన్ గోడ కూలాక బడికి పాత పేరు తిరిగొచ్చింది. మధ్యలో నడిచిన ఆ నలభై ఏళ్ళ గురించి సైట్‌లో ఉన్నది ఒక చిన్న పేరా. నా స్లయిడ్లలోనూ అంతే.

బడి ఎలా ఉంటుందని అనికాని అడిగాను. టీచరు లోపలికి రాగానే ఇప్పటికీ అందరూ లేచి నిలబడతారని చెప్పింది. "మా స్కూలంటే మాకు కొంచెం భయం, చాలా గర్వం" అంది. ఆ మాట నాకు నచ్చి ప్రసంగంలో పెట్టుకున్నాను.

సభ సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే మొదలైంది. ఆడిటోరియంలో మా పిల్లలు, తల్లిదండ్రులు, ముందు వరసలో జర్మన్ అతిథులు. వాళ్ళతో వచ్చిన యువ టీచరు ఫ్రావ్ కెస్లర్. ఆమె పక్కన హెర్ ఫోగెల్. మగవాళ్ళకి 'హెర్', ఆడవాళ్ళకి 'ఫ్రావ్' అంటే మన 'గారు' లాంటివి. ఆయన ఆ బడిలోనే చదివి, అక్కడే లాటిన్ చెప్పి రిటైరయిన పెద్దమనిషి. పిల్లలు రమ్మని పట్టుబడితే వచ్చారట. సన్నగా, పొడుగ్గా, మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, నా ప్రతి మాటకీ తల ఊపుతూ కూర్చున్నారు.

నాకు గుర్తున్నది ఇంతే. మఠం గురించి చెప్పాను. రాతి మీది పేర్ల గురించి చెప్పాను. తర్వాత పాత తరగతి గది ఫొటో ఉన్న స్లయిడ్ పెట్టాను. "మా స్కూలంటే మాకు కొంచెం భయం" అన్న వాక్యం మొదలుపెట్టాను.

తర్వాత చూస్తే హాలంతా నిశ్శబ్దంగా ఉంది. చప్పట్లు లేవు. హెర్ ఫోగెల్ కుడిచెయ్యి నిటారుగా పైకెత్తి కూర్చుని ఉన్నారు. ఫ్రావ్ కెస్లర్ ఆయన మోచెయ్యి పట్టుకుని ఏదో గుసగుసగా అంటోంది. ఏదో అడగాలనుకుంటున్నారేమో అనుకున్నాను.

"చెప్పండి, హెర్ ఫోగెల్?" అన్నాను నవ్వుతూ.

ఆయన తన చేతి వంక చూసుకున్నారు, అది తనది కాదన్నట్టు. నెమ్మదిగా దించారు. "అడగడానికి నాకేమీ లేదు" అని లేచి, వరస చివరిదాకా నడిచి బయటికి వెళ్ళిపోయారు. జర్మన్ పిల్లలందరూ నన్నే చూస్తున్నారు. అనికా కళ్ళల్లో నీళ్ళు.

ఏం జరిగిందో నాకు తెలియలేదు. జనం టిఫిన్ల వైపు కదులుతుంటే ఫ్రావ్ కెస్లర్ నా దగ్గరికి వచ్చింది.

"ఆయన మా గౌరవ అతిథి. మీరన్నది ఆయన్ని ఉద్దేశించేనని ఆయన మొహం చూస్తేనే తెలుస్తోంది. మీకు ఇది ఎవరు చెప్పారు? ఎవరు చెప్పినా సరే, ఇంతమందిలో ఇలా చెయ్యడం మర్యాదేనా?"

"ఏం చేశాను?" అని అడిగాను. నటిస్తున్నాననుకుని వెళ్ళిపోయింది.

కారులో శ్రావ్య నా పక్కన కూర్చోలేదు. వెనక సీట్లోంచి, "అమ్మా, వై వుడ్ యూ డూ దట్? అది నీ వాయిస్ లాగా లేదు. అందరూ నన్ను చూస్తున్నారు" అని ఏడ్చేసింది.

రవి సభంతా హ్యాండీక్యామ్‌లో తీశాడు. ఇంటికెళ్ళాక దాన్ని టీవీకి కలిపాడు. "చూడు సుధా" అన్నాడంతే.

టీవీలో నేను ఆ వాక్యం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాను. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాను. నేను అలా ఎప్పుడూ నిలబడను. తర్వాత జర్మన్‌లో, తొందర లేకుండా, తరగతిని చూసినట్టు హాలుని చూస్తూ అన్నాను: "రెనాటె, నువ్వు బయట నిలబడు." కాసేపు ఆగాను, ఎవరో నడిచి వెళ్ళేదాకా ఆగినట్టు. "సరే, ఒప్పుకునేవాళ్ళు ఎవరు?" మళ్ళీ ఆగాను. "చేతులు దించకండి. నేను లెక్కపెడుతున్నాను."

కెమెరా పక్కకి తిరిగింది. ముందు వరసలో హెర్ ఫోగెల్ చెయ్యి లేస్తోంది.

గొంతు నాదే. ఆ యాస నాది కాదు. మొనదేలిన హల్లులన్నీ మెత్తబడిపోయి, సాగదీసినట్టుంది. మెట్ల మీద నిలబడి చూస్తున్న అనికా చిన్నగా అంది: "మా తాతగారి ఊళ్ళో ఇలాగే మాట్లాడతారు."

మర్నాడు ప్రిన్సిపల్ పిలిచారు. కోప్పడలేదు. "మీ ఉద్దేశం మంచిదే అయ్యుండొచ్చు. కానీ అతిథిని అలా నిలదీయడం సరికాదు" అన్నారు. నాకేమీ తెలియదని ఎలా చెప్పను? చెప్తే పిల్లల దగ్గరికి రానిస్తారా? క్షమించమన్నాను. చెయ్యని పనిని నేనే చేశానని ఒప్పుకుని, తల వంచుకుని వచ్చాను.

అంతకన్నా సిగ్గుపడింది తెలుగువాళ్ళ ముందు. గుడిలో ఒకావిడ, "భలే రీసెర్చ్ చేశావటగా, ముసలాయన్ని ఇరికించేశావట" అంది మెచ్చుకోలుగా. మన ఇళ్ళల్లో గడపదాటి వచ్చినవాడికి ముందు మంచినీళ్ళిస్తాం. నేను ఒక పెద్దాయన్ని పిలిచి, కూర్చోబెట్టి, తన దగ్గర చదువుకున్న పిల్లల ముందు తల దించుకునేలా చేశాను. అన్నం సహించేది కాదు. అనికాకి భోజనం వడ్డించేటప్పుడు కూడా ఆ పిల్ల మొహం చూడలేకపోయేదాన్ని.

డాక్టరుకి చూపించుకోమని ఊళ్ళోవాళ్ళందరికీ చెప్పేదాన్ని కదా, నేనూ వెళ్ళాను. మూర్ఛలో ఒక రకం ఉంటుందని, క్షణకాలం స్పృహ తప్పుతుందని న్యూరాలజిస్టు చెప్పారు. ఎమ్మారై తీశారు, తలకి వైర్లు అంటించి పరీక్ష చేశారు. ఏమీ తేలలేదు. "ఆ మూర్ఛలో మనిషి కొత్త యాస మాట్లాడుతుందా?" అని అడిగాను. ఆయన నవ్వి, బాగా నిద్రపొమ్మన్నారు.

జర్మన్లు తిరిగి వెళ్ళే రోజు అనికాని స్కూలు పార్కింగ్ లాట్‌లో దింపాలి. రవిని వెళ్ళమంటే మీటింగ్ ఉందన్నాడు. అనికా పెట్టె దించి, ఎవరి కంటా పడకుండా కారులో కూర్చున్నాను. అద్దం మీద ఎవరో వేలితో తట్టారు. హెర్ ఫోగెల్.

దిగి నిలబడ్డాను. "క్షమించండి" అన్నాను.

"మీకు ఎవరు చెప్పారని నేను అడగను" అన్నారాయన. "ఎవరూ చెప్పి ఉండరు. ఆ గదిలో ఉన్నవాళ్ళం ఇన్నేళ్ళూ నోరు విప్పలేదు. నా భార్యకి కూడా తెలియదు."

కారుకి ఆనుకుని నిలబడి చెప్పారు. బెర్లిన్ గోడ కట్టిన ఏడాది. ఆయన పై తరగతిలో ఉన్నారు. రెనాటె అనే అమ్మాయి క్లాసులో లేచి టీచర్ని ఒక ప్రశ్న అడిగింది: ఈ గోడ వాళ్ళు లోపలికి రాకుండానా, మనం బయటికి పోకుండానా? మూడో రోజు హెడ్మాస్టరు తరగతికి వచ్చాడు. ఆ అమ్మాయిని బడి నుంచి తీసెయ్యాలట. ఆ పని తోటి పిల్లలే ఓటేసి చెయ్యాలట. ఆమెని బయట నిలబెట్టి, ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమన్నాడు.

"తలుపు పైభాగం అద్దం. ఆమె జుట్టు కనిపిస్తూనే ఉంది. మేమిద్దరం రోజూ ఒకే దారిలో ఇంటికి వెళ్ళేవాళ్ళం. అందరూ ఎత్తారు. నేను చివర ఎత్తాను. అందుకని హెడ్మాస్టరు లెక్కపెట్టినంతసేపూ నన్నే చూశాడు."

"తర్వాత ఆమె?"

"పింగాణీ ఫ్యాక్టరీలో పనికి పంపారని విన్నాం. తర్వాత తెలియదు. నేను వెతకలేదు." ఆయన గొంతు మామూలుగానే ఉంది. "నాకు డిగ్రీ వచ్చింది. అదే బడిలో, అదే గదిలో పాఠాలు చెప్పాను."

అడగకూడదేమో, కానీ అడిగాను. "మరి ఆ రోజు మళ్ళీ ఎందుకు ఎత్తారు?"

ఆయన తన కుడిచెయ్యి జేబులో పెట్టుకున్నారు.

"ఎవరైనా మళ్ళీ అడిగితే ఈసారి ఎత్తనని ఇన్నేళ్ళూ అనుకున్నాను. నిద్ర పట్టనప్పుడు అదే అనుకుని పడుకునేవాణ్ణి. ఆ గొంతు వినిపించింది. చెయ్యి లేచిపోయింది."

బస్సు డ్రైవరు పిలిచాడు. పిల్లలు ఎక్కేశారు. ఆయన ఒక అడుగు వేసి వెనక్కి తిరిగారు.

"నిన్ననే మా బడి పిల్లలకి అంతా చెప్పాను, మీరు కావాలని చేశారనుకోకూడదని. ఒక్కటి చెప్పండి. మీ నోట అడిగింది ఎవరు? మా హెడ్మాస్టరా? లేక రెనాటె ఆయన మాటల్ని అప్పజెప్పిందా?"

ఏదో ఒకటి చెప్పి ఉండొచ్చు. రెనాటేనని, ఆమె కోపంగా ఏమీ లేదని చెప్పుంటే ఆ పెద్దాయనకి కాస్త ఊరట కలిగేదేమో. కానీ నాకు ఏమీ వినిపించలేదు, ఏమీ కనిపించలేదు. నేను ఆ వాక్యం మధ్యలో ఉన్నాను, అంతే.

"నాకు తెలియదండీ" అన్నాను.

ఆయన తల ఊపి బస్సెక్కారు.

సెమిస్టరు అయ్యాక నన్ను మళ్ళీ పిలవలేదు, నేనూ అడగలేదు. ఆ టేపు శ్రావ్య ఒకసారి తన ఫ్రెండుకి చూపిస్తానంటే ఒప్పుకోలేదు. యాస ఎక్కడో విని మనసులో నిలిచిపోయి ఉంటుందని రవి అంటాడు. కావచ్చు. రెనాటె అన్న పేరు, ఆ గది, ఆ లెక్క ఎక్కడ విన్నానో అతనూ చెప్పలేడు. నాకు దెయ్యాలంటే ఇప్పటికీ నమ్మకం లేదు. కానీ ఒక మనిషి బతుకంతా మోసిన ప్రశ్న నా నోట్లోంచి వచ్చింది. ఆయన తిరిగి నన్నే అడిగితే, నా దగ్గర జవాబు లేకపోయింది. ఈ రోజుకీ లేదు.